పంచాయతీ ఎన్నికల తగవులు: ఎప్పుడు, ఎచ్చట, ఎట్లు?

హర్యానా రాష్ట్రమున పానిపట్టు జిల్లాలో బువానా లాఖూ అను గ్రామము కలదు. 2022 నవంబరు 2వ తేదీన ఆ గ్రామమునకు సర్పంచి ఎన్నిక జరిగినది. పోలైన వోట్లు 3,767. లెక్కింపు ముగిసిన పిదప ఒక అభ్యర్థి నెగ్గినట్లు ప్రకటింపబడెను. ఓడిన అభ్యర్థి, లెక్క తప్పినదని చెప్పి, ఎన్నికల ట్రిబ్యునలును ఆశ్రయించెను. 2025 ఏప్రిలులో ట్రిబ్యునలు 69వ నంబరు పోలింగు కేంద్రపు వోట్లను మరల లెక్కింపుడని ఉత్తరువు చేసినది. జూలైలో హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. అభ్యర్థి సుప్రీంకోర్టునకు పోయెను. ఆ న్యాయస్థానము వోటింగు యంత్రములను ఢిల్లీకి తెప్పించి, 65 మొదలు 70 వరకు గల కేంద్రములన్నింటి వోట్లను తన ఆవరణలోనే, రిజిస్ట్రారు పర్యవేక్షణలో, ఉభయ పక్షములవారి యెదుట, వీడియో తీయించుచు లెక్కింపజేసినది. 2025 ఆగస్టు 6వ తేదీన తేలిన లెక్క యిది: ఓడెనని చెప్పబడిన అభ్యర్థికి 1,051 వోట్లు, పదవిలో నున్నవారికి 1,000 వోట్లు. రెండు దినములలో మొదటివానిని సర్పంచిగా ప్రకటింపవలెనని ఆగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టు ఆదేశించినది.

న్యాయము జరిగినది. సంతోషమే. కాని ఐదేండ్ల పదవిలో రెండేండ్ల తొమ్మిది నెలలు అప్పటికే గడచిపోయినవి. అంతకాలము ఆ గ్రామము తాను ఎన్నుకొనని సర్పంచి యేలుబడిలో నుండెను. ఆ కాలములో జరిగిన తీర్మానములు, పెట్టిన ఖర్చులు వెనుకకు రావు. ఈ యుదంతము చదివిన పంచాయతీ సభ్యునకు సహజముగా రెండు ప్రశ్నలు తోచును. తప్పు కంటికి కనిపించుచుండగా ఆనాడే కోర్టు ఆ ఎన్నికను ఏల ఆపలేదు? ఆపనిచో, బాధపడినవాడు ఏమి చేయవలెను? ఈ రెండు ప్రశ్నలకు మన దేశపు న్యాయశాస్త్రము డెబ్బది యేండ్లకు పైగా ఇచ్చుచు వచ్చిన సమాధానమును మేము ఇచ్చట వివరింపబూనితిమి.

మొదటి ప్రశ్నకు సమాధానము స్వతంత్ర భారతపు మొట్టమొదటి సాధారణ ఎన్నికలలోనే దొరకినది. అప్పటి మద్రాసు రాష్ట్రమున కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడ చేరియుండెను. ఆ రాష్ట్రమునందే సేలం జిల్లాలోని నామక్కల్ నియోజకవర్గము నుండి శాసనసభకు పోటీచేయదలచి ఎన్. పి. పొన్నుస్వామి అనువారు నామినేషను దాఖలు చేసిరి. 1951 నవంబరు 28వ తేదీన రిటర్నింగు అధికారి ఆ నామినేషనును త్రోసివేసెను. పొన్నుస్వామి వెంటనే మద్రాసు హైకోర్టునకు పోయి, ఆ ఉత్తరువు చెల్లదని రిట్టు జారీచేయవలసినదిగా కోరిరి. ఎన్నిక నడుచుచుండగా తాము జోక్యము చేసికొనజాలమని హైకోర్టు చెప్పినది. 1952 జనవరి 21వ తేదీన సుప్రీంకోర్టును అదే మాట చెప్పినది.

ఆ తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి ఫజల్ అలీ. దాని సారము చదువరులు మనస్సున నిలుపుకొనదగినది. ఎన్నిక యనగా వోటు వేయు దినము మాత్రమే కాదు. ఎన్నిక ప్రకటన వెలువడిన నాటి నుండి ఫలితము ప్రకటింపబడువరకు జరుగు పని యంతయు ఎన్నికయే. నామినేషను పరిశీలన అందులో ఒక మెట్టు. ఒక్కొక్క మెట్టు వద్ద ఒక్కొక్కరు కోర్టునకు పోవుచు, ప్రతి కోర్టు ఎన్నికను నిలుపుచు వచ్చినచో, ఎన్నిక ఏనాటికిని ముగియదు. కనుక రాజ్యాంగము 329వ అధికరణములోని రెండవ ఖండము, ఎన్నిక ముగిసిన పిదప ఎన్నికల పిటీషను ద్వారమున తప్ప మరియొక విధమున దానిని ప్రశ్నింపరాదని శాసించినది. నామినేషను తప్పుగా త్రోసివేయబడినదను వాదమును కూడ ఆ పిటీషనులోనే చెప్పుకొనవలెను.

ఇందు కొంత కాఠిన్యమున్నదని మేము ఒప్పుకొందుము. పోటీచేయుటకే అవకాశము పోయినవానితో, ఎన్నిక కానిమ్ము, తరువాత చూతమనుట అతనికి రుచించునా? కాని మరియొక వైపునుండి చూడుడు. ఒక్కని ఫిర్యాదుపై ఎన్నిక ఆగినచో, పదవిలో నున్నవారో, ప్రభుత్వము నియమించిన ప్రత్యేకాధికారులో మరికొంతకాలము కుర్చీలో కూర్చుందురు. వేలకొలది వోటర్లు తమ హక్కును వాడుకొనలేకపోదురు. ఈ రెండు నష్టములలో మొదటిదానిని పిటీషనుతో సవరింపవచ్చును. రెండవదానికి మందు లేదు.

పంచాయతీలకు వర్తించు నిబంధన 243-ఓ అధికరణము. ఇది 73వ రాజ్యాంగ సవరణముతో వచ్చి, 1993 ఏప్రిలు 24వ తేదీ నుండి అమలులో నున్నది. అందలి రెండవ భాగము 329వ అధికరణమునకు తోబుట్టువే: పంచాయతీ ఎన్నికను, రాష్ట్ర శాసనము ఏర్పరచిన అధికారి యెదుట ఎన్నికల పిటీషను వేసియే ప్రశ్నింపవలెను. మొదటి భాగమును పలువురు గమనింపరు. నియోజకవర్గముల విభజనకు, స్థానముల కేటాయింపునకు సంబంధించిన శాసనము చెల్లదని ఏ కోర్టులోను వాదింపరాదని అది చెప్పుచున్నది. మా వార్డును రెండు ముక్కలు చేసిరని, మా వీధిని పొరుగు వార్డులో కలిపిరని ఎన్నికలవేళ తరచుగా వినవచ్చు ఫిర్యాదులను ముసాయిదా వెలువడినపుడే, గడువులోగా, ఆక్షేపణ రూపమున వ్రాసి యిచ్చుట మేలు. తరువాత చేయగలిగినది మిక్కిలి స్వల్పము.

ఐతే ఎన్నిక నడుచునంతకాలము కోర్టు తలుపులు పూర్తిగా మూసియుండునా? అట్లు కాదు. 1999 లోక్‌సభ ఎన్నికలలో, లెక్కింపుకు ముందు వివిధ కేంద్రముల బ్యాలెట్లను కలుపు విషయమై కేరళ హైకోర్టు కొన్ని ఆదేశములిచ్చినది. 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమును పరిశీలించి యొక గీటు గీసినది. ఎన్నికకు అడ్డుతగులునది, దానిని ఆలస్యము చేయునది యగు ఉత్తరువును కోర్టు ఇయ్యరాదు. ఎన్నిక సవ్యముగా ముందునకు సాగుటకు తోడ్పడు ఉత్తరువు ఇయ్యవచ్చును. న్యాయవాది యొద్దకు పోవునపుడు సభ్యుడు తన్ను తాను వేసికొనవలసిన ప్రశ్న యిదియే: నేను కోరునది ఎన్నికను ఆపుటకా, సరిగా జరిపించుటకా?

ఈ గీటు ఎంత సన్ననిదో ఆంధ్రప్రదేశమున 2020, 2021 సంవత్సరములలో జరిగిన సంగతులు చూపును. ఆ రాష్ట్రమున గ్రామపంచాయతీల పదవీకాలము 2018 ఆగస్టులో ముగిసినది. ప్రత్యేకాధికారుల పాలన ఆరంభమైనది. 2020 మార్చిలో స్థానిక ఎన్నికల ప్రకటన వెలువడినది. ఆ నెల 15వ తేదీన, కరోనా వ్యాధి వ్యాపించుచుండుటచే, రాష్ట్ర ఎన్నికల కమిషనరు వానిని వాయిదా వేసిరి. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. వాయిదా వేయుట కమిషను అధికారములోనిదే యని చెప్పి ఆ న్యాయస్థానము 18వ తేదీన అందు జోక్యము చేసికొనలేదు. ఐతే ప్రవర్తనా నియమావళిని తొలగింపవలెనని, మరల ఎన్నికలు పెట్టునపుడు పోలింగునకు నాలుగు వారముల ముందు దానిని అమలుచేయవలెనని చెప్పినది. ఈ నాలుగు వారముల మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో మరల పనిపడును.

2020 ఏప్రిలులో ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా కమిషనరు పదవీకాలమును ఐదేండ్ల నుండి మూడేండ్లకు తగ్గించి, పదవిలో నున్నవారి స్థానమున వేరొకరిని నియమించెను. మే 29వ తేదీన హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టివేసినది. నియమితుడైన పిదప కమిషనరు ఉద్యోగపు షరతులను ఆయనకు నష్టము కలుగునట్లు మార్చరాదనియు, హైకోర్టు న్యాయమూర్తిని తొలగించు పద్ధతిలో తప్ప ఆయనను తొలగింపరాదనియు 243-కె అధికరణము చెప్పుచున్నది. ఎన్నికలు జరుపువాని కుర్చీ కదలకుండవలెనని రాజ్యాంగము ఎంత పట్టుదల చూపెనో దీనివలన తెలియును. గోవాలో పురపాలక ఎన్నికలవేళ ప్రభుత్వ న్యాయశాఖ కార్యదర్శికే ఎన్నికల కమిషనరు పనిని అదనముగా అప్పగించిరి. ప్రభుత్వోద్యోగములో నున్నవారు ఈ పదవిలో నుండరాదని 2021 మార్చి 12వ తేదీన సుప్రీంకోర్టు స్పష్టముగా తీర్పు చెప్పినది. ఆ తీర్పులోనే, స్త్రీలకు మూడవవంతు స్థానములు తక్కువపడిన వార్డుల కేటాయింపు ఉత్తరువులు చెల్లవన్న హైకోర్టు నిర్ణయమును నిలబెట్టినది.

మరల ఆంధ్రప్రదేశమునకు వత్తము. 2021 జనవరి 8వ తేదీన కమిషను గ్రామపంచాయతీ ఎన్నికల కార్యక్రమమును ప్రకటించినది. వ్యాధి నిరోధక టీకాలు వేయు పని ముందున్నదని ప్రభుత్వము హైకోర్టులో వాదించెను. 11వ తేదీన ఏకసభ్య న్యాయపీఠము కార్యక్రమమును నిలిపివేసినది. 21వ తేదీన ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ నిలుపుదలను తొలగించినది. 25వ తేదీన సుప్రీంకోర్టు ప్రభుత్వ పిటీషనును త్రోసివేసినది. ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీలలో నాలుగు విడతలుగా గ్రామములు వోటు వేసినవి. రెండున్నర యేండ్ల తరువాత పంచాయతీ కార్యాలయములకు సర్పంచులు వచ్చిరి.

మండల, జిల్లా పరిషత్తుల ఎన్నికల కథ ఇంతకంటె చిత్రమైనది. క్రొత్తగా వచ్చిన కమిషనరు 2021 ఏప్రిలు 1వ తేదీన ప్రకటన చేసి, 8వ తేదీన పోలింగు అనిరి. నాలుగు వారముల నియమావళి గడువు ఏదీ యని కొందరు హైకోర్టునకు పోయిరి. 6వ తేదీన ఏకసభ్య పీఠము ఎన్నికను నిలిపినది. మరునాడు ధర్మాసనము, పోలింగు జరుపవచ్చును, వోట్లు మాత్రము లెక్కింపరాదని చెప్పినది. 8వ తేదీన జనులు బారులు తీరి వోటు వేసిరి. పెట్టెలు గదులలో పెట్టి తాళములు వేసిరి. మే 21వ తేదీన ఏకసభ్య పీఠము ఆ ఎన్నికలనే రద్దుచేసినది. సెప్టెంబరు 16వ తేదీన ధర్మాసనము ఆ తీర్పును త్రోసిపుచ్చినది. 19వ తేదీన, అనగా వోటు వేసిన ఐదు నెలల పదకొండు దినములకు, పెట్టెలు తెరచిరి. కొన్నిచోట్ల పెట్టెలలోని పత్రములు తడిసినవని, చెదలు పట్టినవని పత్రికలు వ్రాసినవి. నడుమ కరోనా రెండవసారి విజృంభించినది. తాము నెగ్గిన సంగతి తెలియకయే కన్నుమూసిన అభ్యర్థులును కలరు.

ఇందు ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పుట మా పని కాదు. కాని ఒక్క సంగతి పైకి తేలుచున్నది. పోలింగునకు రెండు దినముల ముందు వచ్చిన వివాదము ఎన్నికను బాగుచేయలేదు, ఆపనూ లేదు. వోటర్ల తీర్పును మాత్రము పెట్టెలో బంధించినది. 1952 నాటి నామక్కల్ తీర్పు భయపడినది దీనికే.

ఇక నిబంధనలనే ప్రశ్నించు వ్యాజ్యములు వేరు. ఒక వోటో, ఒక నామినేషనో కాక, శాసనమే రాజ్యాంగమునకు విరుద్ధమని చెప్పదలచినచో హైకోర్టులోగాని సుప్రీంకోర్టులోగాని రిట్టు వేయవచ్చును. ఎన్నికల ప్రకటన వెలువడుటకు చాల ముందుగా వేయుట శ్రేయస్కరము. ఇట్టివానిలో పంచాయతీలకు దగ్గరివి రెండు.

మొదటిది సంతానమునకు సంబంధించినది. ఇద్దరికంటె ఎక్కువ మంది పిల్లలున్నవారు పంచాయతీ పదవికి అనర్హులని హర్యానా శాసనము 1994లో నిర్ణయించెను. ఇది సమానత్వమునకు, మతస్వేచ్ఛకు భంగకరమని పలువురు వాదించిరి. 2003 జూలై 30వ తేదీన సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివేసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశపు 1994 పంచాయతీరాజ్ చట్టములోను ఇట్టి నిబంధనయే యుండి, మూడవ బిడ్డ గలవారిని ఎందరినో పోటీనుండి తప్పించినది. కోర్టు కొట్టివేయని ఆ నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభయే తొలగించినది. 2025 అక్టోబరులో తెలంగాణ మంత్రివర్గము కూడ తొలగింపునకే నిశ్చయించినది.

రెండవది చదువు. 2015లో హర్యానా ప్రభుత్వము పంచాయతీకి పోటీచేయువారికి చదువు తప్పనిసరి చేసినది. సాధారణముగా పదవ తరగతి, స్త్రీలకును షెడ్యూల్డు కులములవారికిని అంతకంటె తక్కువ. సహకార ఋణములు, విద్యుత్తు బాకీలు చెల్లింపనివారు, ఇంట మరుగుదొడ్డి లేనివారు అనర్హులనియు నిబంధించినది. 2015 డిసెంబరు 10వ తేదీన న్యాయమూర్తులు చలమేశ్వర్, సప్రే గారలు దీనిని సమర్థించిరి. వీరిలో చలమేశ్వర్ గారు కృష్ణా జిల్లావారు. చదువు మంచిచెడ్డల వివేకము నిచ్చునను అభిప్రాయము ఆ తీర్పులో కానవచ్చును. మాకు తోచినంతవరకు, పల్లెలలో వ్రాలు రాకపోయినను చెరువు తూము, పొలము గట్టు తగవులను చక్కగా తీర్చిన పెద్దలను చూచినవారు ఈ అభిప్రాయమును పూర్తిగా ఒప్పుకొనుట కష్టము. ఐనను తీర్పు తీర్పే. రాజస్థానమున ఇట్టి చదువు నిబంధనయే 2014 చివరను వచ్చి, 2019లో శాసనసభ చేతనే రద్దయినది. కోర్టులో నిలిచిన నిబంధన ప్రజలలో నిలువవలెనని లేదు. దానిని మార్చు దారి శాసనసభ గుండ కూడ పోవును.

రిజర్వేషనుల విషయమున మాత్రము కోర్టులే గట్టిగా నిలిచినవి. 2010 మే 11వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము, స్థానిక సంస్థలలో షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులకు కలిపి ఇచ్చు రిజర్వేషనులు సగమునకు మించరాదని చెప్పినది. వెనుకబడిన తరగతుల కేటాయింపునకు సరియైన లెక్కలు ఆధారముగా నుండవలెననియు చెప్పినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 డిసెంబరులో 59.85 శాతముగా నిర్ణయించిన ఉత్తరువును 2020 మార్చి 2వ తేదీన హైకోర్టు ఈ కారణముననే కొట్టివేసినది. తెలంగాణలో వెనుకబడిన తరగతులకు 42 శాతమిచ్చుచు 2025 సెప్టెంబరు 26వ తేదీన వెలువడిన ఉత్తరువును అక్టోబరు 9వ తేదీన హైకోర్టు నిలిపివేసినది. సుప్రీంకోర్టు 16వ తేదీన అందు జోక్యము చేసికొన నిరాకరించెను. 2024 ఆరంభములోనే పదవీకాలము ముగిసిన తెలంగాణ గ్రామపంచాయతీలకు, పాత హద్దులోనే, 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో ఎన్నికలు జరిగినవి. వెనుకబడిన తరగతుల జనసంఖ్యకు తగిన ప్రాతినిధ్యము ఉండవలెనను కోరిక న్యాయమైనదే. దానికై ఐదేండ్లకొకసారి రావలసిన ఎన్నిక ఎంతకాలము ఆగవచ్చునను ప్రశ్న మాత్రము మిగిలియేయున్నది. ఈ ప్రశ్నకు 2006లోనే అహమదాబాదు నగరపాలక సంస్థ వ్యాజ్యములో సుప్రీంకోర్టు సమాధానము చెప్పియుండెను. వార్డుల పునర్విభజన వంటి మనుష్యులు కల్పించిన కారణములతో గడువు దాటింపరాదు. ప్రభుత్వము సహకరింపనిచో రాష్ట్ర ఎన్నికల కమిషనే హైకోర్టునకు పోవలెను.

వోటర్ల జాబితా తగవులకు వేరొక దారి కలదు. 1982లో పశ్చిమ బెంగాలున, జాబితాలలో తప్పులున్నవని చెప్పి ఎన్నికలు ఆపింప యత్నించిరి. 1985లో సుప్రీంకోర్టు ఇట్లు తేల్చినది: జాబితా సవరణ ఎడతెగక జరుగు పని; కొన్ని ఆక్షేపణలు తేలకుండినను, ఆనాటికి అమలులో నున్న జాబితాతోనే ఎన్నిక జరుగును. పంచాయతీ జాబితాకు శాసనసభ జాబితాయే మూలము గనుక పేరు లేనివారు ఎన్నికలు లేనపుడే 6వ నమూనా దరఖాస్తు ఇయ్యవలెను. నామినేషనుల చివరి గడువు దాటిన పిదప శాసనసభ జాబితాలో పేరు చేర్చుటగాని, తీయుటగాని చట్టము ఒప్పదు. పేరు చేర్చ నిరాకరించినచో మొదటి అప్పీలు జిల్లా ఎన్నికల అధికారికి, రెండవది రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి చేసికొనవచ్చును.

ఇటీవల బీహారులో జరిగినదియు మన పంచాయతీలకు సంబంధించినదే. 2025 ఆగస్టు 1వ తేదీన వెలువడిన ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు కానరాలేదు. సవరణ పనిని సుప్రీంకోర్టు ఆపలేదు. కాని ఆగస్టు 14వ తేదీన, తొలగిన పేర్లన్నిటిని కారణములతో సహా ప్రకటింపవలెనని, పోలింగు కేంద్రములవారీగా పంచాయతీ కార్యాలయముల నోటీసు బోర్డులపై అంటింపవలెనని ఆదేశించినది. ఎన్నికకు అడ్డుతగులక, వోటరు చేతికి ఆధారము నిచ్చు ఉత్తరువు ఎట్లుండునో దీనివలన గ్రహింపవచ్చును.

ఇక రెండవ ప్రశ్న: ఎన్నిక ముగిసిన పిదప బాధపడినవాడు ఏమి చేయవలెను? ఆంధ్రప్రదేశమున 1995 నాటి నిబంధనల ప్రకారము, గ్రామపంచాయతీ ఎన్నికల పిటీషనును ఆ గ్రామముపై అధికారపరిధి గల జూనియర్ సివిల్ జడ్జి, అనగా మనవారు నేటికిని మున్సిఫు కోర్టనుచుండు న్యాయస్థానమున వేయవలెను. గడువు ఫలితము ప్రకటించిన నాటినుండి ముప్పది దినములు. కలెక్టరుకు అర్జీ పెట్టి, మంత్రిగారిని కలిసి, పత్రికలకు చెప్పి, ఈ నడుమ గడువు దాటించుకొన్నవారు పెక్కుమంది. అర్జీలవలన గడువు పెరుగదు.

పిటీషనులో ఏమి వ్రాయవలెననునది మరియొక చిక్కు. తప్పు జరిగెనని చెప్పినంతమాత్రమున చాలదు. ఆ తప్పువలన ఫలితమే మారినదని చూపవలెను. పది చెల్లని వోట్లు పడెననుకొందము. నెగ్గినవారి ఆధిక్యము రెండువందలైనచో ఆ పది వోట్లు ఫలితమును కదపలేవు. ఐతే పార్లమెంటు, శాసనసభ ఎన్నికలకు వర్తించు 1951 చట్టములో నామినేషను అక్రమముగా త్రోసివేతకు వేరే న్యాయము కలదు. అట్లు జరిగినచో ఫలితము మారెనని చూపనక్కరలేదు, అదొక్కటే ఎన్నిక రద్దగుటకు చాలును. నామక్కల్ తీర్పులో మేము చూచిన కాఠిన్యమునకు శాసనము పెట్టిన ప్రతిక్రియ యిది.

వోట్లు మరల లెక్కింపుడని అడుగుటయు తేలిక కాదు. వోటు రహస్యమును కాపాడవలెను గనుక, ఊరక అనుమానముపై పెట్టెలు తెరువరాదని 1964లోనే సుప్రీంకోర్టు చెప్పినది. ఏ కేంద్రమున, ఏ బల్లపై, ఎన్ని వోట్లు, ఎట్లు తప్పెనో పిటీషనులోనే స్పష్టముగా చెప్పవలెను. బువానా లాఖూ అభ్యర్థి ఒక్క కేంద్రపు నంబరును పట్టుకొని ట్రిబ్యునలును ఒప్పించెనను సంగతి ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనదగును.

1977 మార్చిలో పంజాబునందలి ఫిరోజ్‌పూరు నియోజకవర్గమున లెక్కింపువేళ అల్లరి జరిగి బ్యాలెట్లు నాశనమైనవి. ఎన్నికల కమిషను నియోజకవర్గమంతట మరల పోలింగు జరుపవలెనని నిర్ణయించినది. ముందంజలో నున్న అభ్యర్థి మొహీందర్ సింగ్ గిల్ కోర్టునకు పోగా, ఇదియు ఎన్నికల పిటీషనులో చెప్పుకొనవలసినదేయని సుప్రీంకోర్టు త్రిప్పి పంపినది. అయితే ఆ తీర్పులోని ఒక మాట ప్రతి అధికారికిని పనికివచ్చును. ఉత్తరువు మంచిచెడ్డలను అందు వ్రాసిన కారణములను బట్టియే చూతురు; వ్రాయని కారణములను తరువాత కోర్టులో ప్రమాణపత్రముతో చేర్చిన లాభము లేదు. పంచాయతీ తీర్మానములు వ్రాయువారును దీనిని గమనింతురుగాక.

కనుక లెక్కింపు దినముననే చేయవలసిన పనులు కలవు. అభ్యర్థిగాని అతని ఏజెంటుగాని లెక్కింపు బల్ల వద్ద ఒక్కొక్క కేంద్రపు అంకెలను వెంటవెంటనే కాగితముపై వ్రాసికొనవలెను. తేడా కనిపించినచో, ఫలితము ప్రకటించుటకు ముందే, మరల లెక్కింపవలెనని రిటర్నింగు అధికారికి వ్రాతమూలకముగా అర్జీ యిచ్చి, ప్రతిపై తేదీ, వేళతో సంతకము తీసికొనవలెను. అధికారి నిరాకరించినచో కారణము వ్రాసి యిమ్మని కోరవలెను. నామినేషను త్రోసివేసిన ఉత్తరువు నకలు, వోటర్ల జాబితాలో సంబంధించిన పుటలు, ఫలితపు పత్రము నకలు ఆ వారములోనే సంపాదించి, ముప్పది దినముల గడువులో కనీసము పది దినములు మిగిలియుండగా న్యాయవాది చేతికి అందజేయవలెను.